పరమాణువుకి ఎనిమిది లెక్క ఎవరు చెప్పారు? మా పదో తరగతి పిల్ల అడిగింది

గరివిడి టీచర్
సోమవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. గరివిడి దగ్గర ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఇవాళ లోహాలు, అలోహాల పాఠంలో సోడియం క్లోరైడ్ బొమ్మ బోర్డు మీద వేశాను. సోడియం బయటి కక్ష్యలో ఒక ఎలక్ట్రాన్ ఉంది, ఇచ్చేస్తుంది. క్లోరిన్‌కి ఏడు ఉన్నాయి, ఒకటి పుచ్చుకుంటుంది. రెండింటికీ ఎనిమిదేసి అయ్యాయి, స్థిరపడ్డాయి. పదమూడేళ్ళుగా ఇదే మాట చెబుతున్నాను.

మూడో బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. "టీచర్, ఎనిమిది అయితే బాగుంటుందని పరమాణువుకి ఎలా తెలుసు? దానికి లెక్కపెట్టడం వచ్చా?" క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. "స్థిరత్వం కోసం అమ్మా" అన్నాను. "స్థిరత్వం దానికెందుకు టీచర్?" అంది. ఈలోగా గంట కొట్టారు. శుక్రవారం చెబుతానని మాటిచ్చాను.

ఇంటికొచ్చాక కూర్చుని ఆలోచిస్తే, ఆ రెండు ప్రశ్నలకీ నా దగ్గర ఉన్నది జవాబు కాదు, పుస్తకంలోని వాక్యం మాత్రమే. పిల్ల నిజంగా తెలుసుకోవాలని అడిగింది, తనకి నిజమే చెప్పాలని ఉంది. పరమాణువులు అసలెందుకు కలుస్తాయి? పదో తరగతికి అందేలా, అబద్ధం లేకుండా ఎలా చెప్పాలి?

విజయనగరం ట్యూషన్ మాస్టారు
సోమవారం, రాత్రి 9:05

టీచర్ గారూ, మీ తపన అర్థమైంది. కానీ ఈ ఎనిమిది లెక్క, అంటే అష్టక నియమం, పక్కన పెడితే పిల్లలు పరీక్షలో ఏం రాస్తారు? జడవాయువులు దేనితోనూ కలవవు. నియాన్, ఆర్గాన్ బయటి కక్ష్యల్లో ఎనిమిది ఉన్నాయి. అందుకే మిగతావి కూడా ఎనిమిది కోసం చూస్తాయి అంటే పిల్లలకి పట్టు దొరుకుతుంది. నా దగ్గర చదివి ఇంటర్‌లో కెమిస్ట్రీ తీసుకున్న పిల్లలు ఎంతోమంది ఈ మెట్టు ఎక్కే వెళ్ళారు. మొదటి రోజే లోతుకి దింపితే బెదిరిపోతారు.

ఎచ్చెర్ల ఎమ్మెస్సీ
సోమవారం, రాత్రి 9:52

మాస్టారూ, గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఎనిమిది అనేది గుర్తు పెట్టుకోవడానికి మంచి లెక్క. కారణం మాత్రం కాదు. లూయిస్, కోసెల్ అనే శాస్త్రవేత్తలు 1916లో ఈ లెక్క ముందుకు తెచ్చినప్పుడు, అప్పటికి తెలిసిన వందల సమ్మేళనాలను చూసి పట్టుకున్న పోలిక అది. పోలిక వేరు, కారణం వేరు. రైలొచ్చే ముందు ప్లాట్‌ఫాం మీద జనం లేచి నిలబడతారు. రైలు రావడానికి వాళ్ళు నిలబడటం కారణం కాదు కదా.

లెక్క తప్పే చోట్లు చూడండి. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్ చుట్టూ ఆరే. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లో సల్ఫర్ చుట్టూ మనం గీసే బంధాల లెక్కన పన్నెండు. నైట్రిక్ ఆక్సైడ్‌లో బయటి ఎలక్ట్రాన్లు మొత్తం పదకొండు. బేసి సంఖ్య కాబట్టి ఎలా పంచినా రెండు పరమాణువులకీ ఎనిమిదేసి కుదరవు. అయినా ఆ వాయువు ఉంది, మన రక్తనాళాలను సడలించే పని కూడా చేస్తుంది.

అన్నిటికంటే నాకిష్టమైనది జినాన్ అనే జడవాయువు కథ. 1962లో కెనడాలో రసాయన శాస్త్రవేత్త నీల్ బార్ట్‌లెట్, ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ అనే పదార్థం ఆవిరి ఏకంగా ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్ లాగేస్తోందని గమనించాడు. ఆక్సిజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్ లాగడానికి మోల్‌కి (మోల్ అంటే పరమాణువుల్ని, అణువుల్ని లెక్కగట్టే ఒక స్థిరమైన పెద్ద గుంపు) దాదాపు 1165 కిలోజౌల్స్ శక్తి పడుతుంది. జినాన్ నుంచి లాగడానికి 1170. ఇంత దగ్గరగా ఉన్నప్పుడు జినాన్‌తో మాత్రం ఎందుకు జరగదు అనుకుని రెండిటినీ కలిపాడు. పసుపు, నారింజ కలిసిన రంగులో ఘనపదార్థం ఏర్పడింది. అందరూ "దీనికి ఎనిమిది నిండాయి, ఇది కలవదు" అనుకుని వదిలేసిన మూలకం అది. నియమాన్ని నమ్మినవాళ్ళకి దొరకనిది శక్తి లెక్క వేసినవాడికి దొరికింది.

గరివిడి టీచర్
సోమవారం, రాత్రి 10:20

ఈ జినాన్ సంగతి పిల్లలకి తప్పకుండా చెబుతాను. కానీ తమ్ముడూ, ఎనిమిది కారణం కాదన్నావు. మరి కారణం ఏమిటి? ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది.

శ్రీకాకుళం పాత లెక్చరర్
మంగళవారం, ఉదయం 6:15

టీచరమ్మా, పొద్దున్నే మీ ప్రశ్న చదివాను. రిటైరై తొమ్మిదేళ్ళయింది, ఇలాంటి ప్రశ్న విన్నాక మళ్ళీ సుద్దముక్క పట్టుకోవాలనిపించింది. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

"సోడియం ఎలక్ట్రాన్‌ని ఇచ్చేస్తుంది" అన్న మాట దగ్గరే మొదలుపెట్టండి. సోడియం దాన్ని ఇష్టంగా ఇవ్వదు. కేంద్రకానికి ధనావేశం ఉంది, ఎలక్ట్రాన్ రుణావేశం, అది దాన్ని పట్టుకునే ఉంటుంది. విడివిడిగా ఉన్న ఒక మోల్ సోడియం పరమాణువుల నుంచి ఒక్కో ఎలక్ట్రాన్ ఊడలాగాలంటే 496 కిలోజౌల్స్ మనం పెట్టాలి. ఆ ఎలక్ట్రాన్లను క్లోరిన్ అందుకుంటే తిరిగొచ్చేది 349. అంటే ఇచ్చిపుచ్చుకోవడం వల్లే జరిగేది 147 నష్టం. రెండింటికీ ఎనిమిదేసి వచ్చేశాయి, అయినా నష్టమే. ఈ ఒక్క అంకె బోర్డు మీద వేస్తే చాలు, ఎనిమిది కోసమే ఇదంతా అన్న మాట నిలబడదు.

మరి ఉప్పు ఎందుకు ఏర్పడుతుంది? నష్టం పూడ్చేది ఆ తరువాతి అడుగు. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న సోడియం ధనావేశంతో, పుచ్చుకున్న క్లోరిన్ రుణావేశంతో ఉన్నాయి. అవి ఒకదాన్నొకటి లాగుతాయి. పైగా జతగా ఆగవు. స్ఫటికంలో ఒక్కో సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్‌లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు చేరతాయి. ఇలా పేర్చుకున్నప్పుడు బయటికొచ్చే శక్తి మోల్‌కి 787.

మొత్తం పద్దు చూడండి. ఘన సోడియంని విడి పరమాణువులు చెయ్యడానికి 108, క్లోరిన్ అణువుల్ని విడగొట్టడానికి 121, ఎలక్ట్రాన్ లాగడానికి 496. ఖర్చు 725. రాబడి 349, 787 కలిపి 1136. మిగిలింది 411. సోడియం క్లోరిన్‌లో మండినప్పుడు మనకి తగిలే వేడి ఆ 411.

ఇప్పుడు పిల్ల మొదటి ప్రశ్న: ఎనిమిది దగ్గరే ఎందుకు ఆగింది? సోడియం నుంచి రెండో ఎలక్ట్రాన్ కూడా లాగుదామంటే 4562 కిలోజౌల్స్ కావాలి. మొదటిదానికి తొమ్మిది రెట్లు. అది లోపలి పొరలోది, కేంద్రకానికి బాగా దగ్గర. స్ఫటికం ఎంత బిగుతుగా పేర్చుకున్నా అంత ఖర్చు పూడ్చలేదు. అందుకే ఒకటితో ఆగింది. మెగ్నీషియంకి మొదటిది 738, రెండోది 1451, మూడోది ఒక్కసారిగా 7733. అది రెండుతో ఆగింది. ఎవరూ లెక్కపెట్టలేదు టీచరమ్మా. ఎక్కడ ధర ఆకాశానికి ఎగిరిందో అక్కడ ఆగింది, ఆగాక మనం చూసి ఎనిమిది అని లెక్కపెట్టాం.

ఆ పొరలో ఎనిమిదే ఎందుకు పడతాయంటే, ఒక ఎస్ ఆర్బిటాల్, మూడు పి ఆర్బిటాళ్ళు, మొత్తం నాలుగు చోట్లు. ఒక్కో చోట రెండేసి ఎలక్ట్రాన్లకు మించి పట్టవు. నాలుగు రెళ్ళు ఎనిమిది. అంతకంటే లోతు పదో తరగతికి అక్కర్లేదు.

నౌపడ ఉప్పుమడి
మంగళవారం, మధ్యాహ్నం 1:10

లెక్చరర్ గారూ, దండాలు. మాది నౌపడ దగ్గర, తాతల నాటి నుంచి ఉప్పు మళ్ళే. ఏటంటే నాకో సందేహం. మేం సముద్రం నీరు కట్టి ఎండబెడితే ఉప్పు పండుతాది. అంటే మా మడిలో సోడియం, క్లోరిన్ కలిసి ఆ 411 వేడి వస్తందా? మాకు ఎండ వేడి తప్ప ఇంకో వేడి ఎప్పుడూ తగల్లేదు.

ఇంకోటి. మొదటి మళ్ళలో అడుగున తెల్లగా గట్టి పొర కడతాది, అది ఉప్పు కాదు, జిప్సం అంటారు. ఆఖర్న మిగిలిన చేదు నీరు మేం తీసి పారబోస్తాం, లేకపోతే ఉప్పు చేదెక్కుద్ది, చెమ్మగిల్లుద్ది. ఒకే నీట్లో ఉన్నవి ఇలగ వరసాగ్గా ఎందుకు దిగుతాయి?

శ్రీకాకుళం పాత లెక్చరర్
మంగళవారం, సాయంత్రం 5:30

బాబూ, మీ మడిలో ఆ కలయిక జరగదు. అది ఎప్పుడో జరిగిపోయింది. సముద్రపు నీట్లో సోడియం, క్లోరైడ్ అప్పటికే అయాన్లుగా, ఆవేశాలతోనే తిరుగుతున్నాయి. లీటరు నీట్లో అన్ని లవణాలూ కలిపి సుమారు 35 గ్రాములు. ఒక్కో అయాన్ చుట్టూ నీటి అణువులు మూగి ఉంటాయి, ఎందుకంటే నీటి అణువులో ఆక్సిజన్ వైపు కొంచెం రుణం, హైడ్రోజన్ వైపు కొంచెం ధనం. ఎండ ఆ నీటిని తీసుకుపోతుంది. నీళ్ళు చాలక అయాన్లు ఒకదాన్నొకటి పట్టుకుని పేర్చుకుంటాయి. ఇదీ ఆకర్షణే, మొదట చెప్పిన ఆకర్షణే.

వరస సంగతి బాగా పట్టారు. కాల్షియం, సల్ఫేట్ రెండింటికీ రెండేసి ఆవేశాలు. వాటి పట్టు గట్టిది, నీరు వాటిని విడదీసి ఎక్కువ మోతాదులో మోయలేదు, అందుకే జిప్సం ముందే దిగుతుంది. మెగ్నీషియం అయాన్ చిన్నది, ఆవేశం రెండు. క్లోరైడ్ తోడుగా ఉంటే అది నీటినే గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది, దిగదు. మీ చేదు నీరు అదే. ఉప్పులో అది కొంచెం మిగిలినా గాలిలో చెమ్మని లాక్కుంటుంది, అందుకే బస్తా తడిసినట్టు అవుతుంది.

కల్లుప్పు గింజ ఒకటి భూతద్దంలో చూడండి. మూలలన్నీ చతురస్రంగా ఉంటాయి. ఆరు వైపులా ఆరు పొరుగువాళ్ళు ఉండే ఆ పేర్పే మీ చేతిలో పాచికలా కనిపిస్తోంది.

పలాస జీడి
మంగళవారం, రాత్రి 8:45

మంచి చర్చ. మాకు జీడిపిక్కల బట్టీ ఉంది. తొక్కలు చాలా గట్టిగా మండుతాయి, నూనె ఉంటుంది కదా. బంధాల్లో శక్తి దాగి ఉంటుంది, కాలిస్తే బంధాలు తెగి ఆ శక్తి బయటికొస్తుంది అని కాలేజీలో చదువుకున్నాను. ఇక్కడ మీరు కలిస్తే శక్తి వస్తుంది అంటున్నారు. రెండూ ఎలా కుదురుతాయి?

ఎచ్చెర్ల ఎమ్మెస్సీ
మంగళవారం, రాత్రి 9:30

అన్నా, కుదరవు. మొదటిది తప్పు, చాలామంది మోసుకు తిరిగే తప్పు. ఏ బంధాన్ని తెంపాలన్నా శక్తి పెట్టాల్సిందే. ఇందులో మినహాయింపు లేదు. తెగినప్పుడు శక్తినిచ్చేది బంధం అయితే అది తనంతట తానే ఊడిపోయేది, మనకి జీడితొక్కా మిగలదు.

జీడినూనె అణువు పెద్దది, లెక్కకి గోబర్ గ్యాస్ తీసుకుందాం. అందులో మండేది మీథేన్. ఒక మోల్ మీథేన్‌లో నాలుగు కార్బన్-హైడ్రోజన్ బంధాలు, ఒక్కోటి సగటున 413, మొత్తం 1652. దానికి రెండు మోల్‌ల ఆక్సిజన్ కావాలి, ఒక్కోటి 498, మొత్తం 996. తెంపడానికి ఖర్చు 2648. ఇప్పుడు కొత్తగా ఏర్పడేవి: బొగ్గుపులుసు గాలిలో రెండు కార్బన్-ఆక్సిజన్ జంట బంధాలు, ఒక్కోటి 799, అంటే 1598. నీటిలో నాలుగు ఆక్సిజన్-హైడ్రోజన్ బంధాలు, ఒక్కోటి 463, అంటే 1852. రాబడి 3450. తేడా 802 కిలోజౌల్స్. గిన్నె కింద మంట ఆ 802.

అంటే తొక్క ఒక్కదానిలోనే శక్తి దాగి లేదు. తొక్క, గాలిలోని ఆక్సిజన్ రెండూ కలిపి చూడాలి. ఆక్సిజన్ అణువులో బంధం అంత గట్టిది కాదు, అది తెగి కార్బన్‌తో, హైడ్రోజన్‌తో చాలా గట్టి బంధాలు కడుతుంది. వేడి ఆ తేడా నుంచి వస్తుంది. అగ్గిపుల్ల ఎందుకంటే మొదటి కొన్ని బంధాలు సడలడానికి ముందు పెట్టుబడి కావాలి. తరువాత మంటే తన పక్కవాటికి ఆ పెట్టుబడి ఇస్తుంది.

విజయనగరం ట్యూషన్ మాస్టారు
మంగళవారం, రాత్రి 10:05

ఈ 2648, 3450 లెక్క నేను రేపే బోర్డు మీద వేస్తాను. ఇన్నాళ్ళూ నేనూ "బంధం తెగి శక్తి వస్తుంది" అనే చెప్పాను, ఆ మాట ఇకమీద అనను. కానీ ఒకటి అడుగుతాను. సోడియం, క్లోరిన్ అయితే ప్లస్, మైనస్ ఆకర్షణ అన్నారు, ఒప్పుకున్నాను. రెండు హైడ్రోజన్ పరమాణువులకి ఆవేశమే లేదు. అవి ఎందుకు పట్టుకుంటాయి? అక్కడైనా జంట ఎలక్ట్రాన్ల కోసమే అనాలి కదా?

ఎచ్చెర్ల ఎమ్మెస్సీ
మంగళవారం, రాత్రి 11:10

మాస్టారూ, అసలు చిక్కుముడి మీరు పట్టుకున్నారు. జంట కూడా తప్పనిసరి కాదని చూపే ఒక అణువు ఉంది. హైడ్రోజన్ అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్ తీసేయండి. మిగిలింది రెండు ప్రోటాన్లు, ఒకే ఒక్క ఎలక్ట్రాన్. ఊడిపోవాలి కదా? ఊడిపోదు. 106 పికోమీటర్ల (పికోమీటర్ అంటే మీటరులో లక్ష కోట్లో వంతు) దూరంలో రెండు ప్రోటాన్లనూ ఆ ఒక్కటే పట్టి ఉంచుతుంది. విడగొట్టడానికి మోల్‌కి దాదాపు 256 కిలోజౌల్స్ కావాలి. రెండో ఎలక్ట్రాన్ కూడా ఉంటే దూరం 74 పికోమీటర్లకు తగ్గుతుంది, బలం 436 అవుతుంది.

పరమాణువు మొత్తం మీద ఆవేశం లేకపోయినా లోపల ఉంది. దగ్గరికొస్తే ఒకదాని ఎలక్ట్రాన్‌ని రెండోదాని కేంద్రకం కూడా లాగుతుంది. కేంద్రకాలు రెండూ ఒకదాన్నొకటి నెడతాయి, ఎలక్ట్రాన్లూ నెట్టుకుంటాయి. లాగుడు, నెట్టుడు అన్నీ కలిపితే శక్తి అతి తక్కువగా ఉండే దూరం ఒకటి దొరుకుతుంది, ఆ దూరమే 74 పికోమీటర్లు. ఇంకా దగ్గరికి నొక్కితే నెట్టుడు గెలుస్తుంది.

దీనితోనే మొత్తం అయిపోదు. ఎలక్ట్రాన్ తరంగంలా ప్రవర్తిస్తుంది. ఇరుకులో పెడితే దాని కదలిక శక్తి పెరుగుతుంది. రెండు కేంద్రకాల మధ్య తిరిగే వీలు దొరికితే దానికి చోటు పెరుగుతుంది. బంధానికి అసలు మూలం ఆకర్షణ పెరగడమా, చోటు పెరగడమా అని దశాబ్దాలుగా పెద్దవాళ్ళే వాదించుకున్నారు. 1927లో హైట్లర్, లండన్ అనే శాస్త్రవేత్తలు మొదటిసారి క్వాంటం సిద్ధాంతంతో హైడ్రోజన్ బంధాన్ని లెక్కగట్టినప్పటి నుంచీ ఉన్న చర్చ ఇది.

హీలియంకి ఇదెందుకు జరగదని అడుగుతారు. రెండు హీలియం పరమాణువులు కలిస్తే నాలుగు ఎలక్ట్రాన్లు. శక్తి తగ్గే చోట రెండే పడతాయి. మిగతా రెండూ శక్తి పెరిగే చోటకి పోవాలి. లాభం కొట్టుకుపోయి కొంచెం నష్టమే మిగులుతుంది. అదే హీలియం దగ్గరికి ఎలక్ట్రాన్ లేని ప్రోటాన్ వస్తే పట్టుకుంటుంది! ఆ హీలియం హైడ్రైడ్ అయాన్‌ని 2019లో హంస రాశి వైపున్న ఒక నెబ్యులాలో, అంటే అంతరిక్షంలోని వాయు మేఘంలో, కనుగొన్నట్టు ప్రకటించారు. జడం అనేది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, ఎదురుగా ఎవరున్నారన్నదాన్ని బట్టి.

రాజాం రైతు
బుధవారం, ఉదయం 5:50

అందరికీ దండాలు. మీ లెక్కలు అన్నీ నాకు తెలీవు గాని ఒకటి అడుగుతాను. కలిస్తే శక్తి తగ్గి వేడొస్తాది అంటన్నారు. బట్టీలో కాల్చిన సున్నపురాయి మీద నీల్లు పోస్తే కుతకుతలాడతాది, అది సరే. మరి యూరియా నీల్లలో కలిపితే బకెట్టు మంచులా చల్లబడతాది కదేటి? అక్కడ వేడి రాకపోగా ఉన్న వేడి పోతంది. అయినా యూరియా దానంతటదే కరిగిపోతంది. ఇదేటి మరి?

శ్రీకాకుళం పాత లెక్చరర్
బుధవారం, ఉదయం 9:20

ఈ ప్రశ్న మీ స్కూలు పిల్ల రెండో ప్రశ్నే టీచరమ్మా, "స్థిరత్వం దానికెందుకు?" అన్నది. రాజాం తమ్ముడు బకెట్‌తో సహా తెచ్చి ముందు పెట్టాడు.

పరమాణువుకి తక్కువ శక్తి మీద ఇష్టం ఉండదు. గిన్నెలో గోళీ వేసి చూడండి. అటూ ఇటూ ఊగి ఊగి అడుగున ఆగుతుంది. ఎందుకు ఆగింది? రాపిడి వల్ల దాని శక్తి గిన్నెకీ, గాలికీ వెళ్ళిపోయింది. రాపిడే లేకపోతే గోళీ ఎప్పటికీ ఊగుతూనే ఉంటుంది, అడుగున ఆగదు. పరమాణువులకీ అంతే. శూన్యంలో రెండు హైడ్రోజన్ పరమాణువులు ఎదురెదురుగా వచ్చి ఢీకొంటే సాధారణంగా అతుక్కోవు. దగ్గరికొచ్చి, మళ్ళీ విడిపోయి వెళ్ళిపోతాయి. మిగులు శక్తిని పట్టుకుపోయే మూడోది, ఇంకో అణువో పాత్ర గోడో, అక్కడ ఉండాలి.

ఆ శక్తి బయటికి వెళ్ళాక కోట్ల కోట్ల అణువుల కదలికలో చెల్లాచెదురవుతుంది. అదంతా మళ్ళీ ఒకచోట కూడి వచ్చి ఆ ఒక్క బంధాన్ని తెంపాలంటే, మామూలు వేడిలో అలా జరిగే అవకాశం దాదాపు లేదు. అందుకే బంధం నిలుస్తుంది. స్థిరత్వం అంటే ఇంతే.

ఇక యూరియా. అక్కడ చెదిరేది శక్తి కాదు, పదార్థం. గుళికలో వరసగా పేర్చి ఉన్న అణువులు బకెట్ నీరంతా విరజిమ్ముకుంటాయి. ఆ పేర్పు విడగొట్టడానికి కావలసిన శక్తిలో కొంతే నీటితో కొత్తగా కలవడం వల్ల తిరిగొస్తుంది. మిగతాది నీటి వేడి నుంచి తీసుకుంటుంది, బకెట్ చల్లబడుతుంది. శక్తి చెదరడం, పదార్థం చెదరడం, ఈ రెండిటి మొత్తం ఎటు పెరిగితే మార్పు అటు నడుస్తుంది. ఆ కొలతకే ఎంట్రోపీ అని పేరు. సున్నంలో మొదటిది గెలిచింది, యూరియాలో రెండోది.

రాజాం రైతు
బుధవారం, మధ్యాహ్నం 12:30

అర్థమయింది గురువు గారూ. చల్లబడిందంటే నీటి దగ్గర అప్పు చేసిందన్నమాట.

విజయనగరం ట్యూషన్ మాస్టారు
బుధవారం, రాత్రి 9:00

నేను నా మాట కొంత మార్చుకుంటున్నాను. అష్టక నియమం చెబుతాను, కానీ "పరమాణువు ఎనిమిది కావాలనుకుంటుంది" అనను. "చాలా మూలకాల్లో లెక్క ఎనిమిది దగ్గర ఆగుతుంది, ఎందుకో ఈ అంకెలు చూడండి" అని 496, 4562 పక్కపక్కన రాస్తాను. పరీక్షకీ ఇబ్బంది లేదు.

గరివిడి టీచర్
శుక్రవారం, రాత్రి 7:45

ఇవాళ క్లాసు చెప్పాను. అందరికీ చేతులెత్తి నమస్కారం.

ముందు గిన్నె, గోళీ. ఆ తరువాత ఉప్పు పద్దు బోర్డు మీద. 147 నష్టం దగ్గర ఆగి, "మరి ఇది జరగకూడదు కదా?" అని నేనే అడిగాను. క్లాసు అంతసేపు నిశ్శబ్దంగా ఉండటం ఈ ఏడాది ఇదే మొదటిసారి. 787 రాయగానే వెనక బెంచీ కుర్రాడు "చుట్టూ ఆరుగురు ఉన్నారు కాబట్టి టీచర్" అన్నాడు. ఒక్కో బెంచీకీ కల్లుప్పు గింజలు పంచి, ల్యాబ్‌లో ఉన్న రెండు భూతద్దాలూ తిప్పాను. నౌపడ అన్నగారూ, మీ జిప్సం, చేదు నీరు కూడా చెప్పాను.

ఆ పిల్ల అన్నీ రాసుకుంది. చివర్న సంచిలోంచి నల్ల రాయి తీసి నా బల్ల మీద పెట్టింది. మా చుట్టుపక్కల మాంగనీసు గనులున్న సంగతి మీకు తెలుసు, వాళ్ళ నాన్న అక్కడే పని. "దీనికీ ఎనిమిదేనా టీచర్?" అంది.

ఈసారి గంట కోసం చూడలేదు. మాంగనీసు రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే దాని బయటి పొరలో మిగిలేవి పదమూడు అని అక్కడే లెక్క వేసి చూపించాను. ఈ ముడి రాయిలో మనం కట్టే లెక్కన నాలుగు పోయినట్టు, బావిలో వేసే పర్మాంగనేట్‌లో ఏడు పోయినట్టు అని చెప్పాను. ఒకే లోహం ఒకచోట రెండు, ఒకచోట నాలుగు, ఒకచోట ఏడు ఎందుకిస్తుందో సోడియంకి చేసినట్టే ఖర్చు, రాబడి వేసి చూద్దామన్నాను. మాంగనీసు నుంచి ఒక్కో ఎలక్ట్రాన్ తీయడానికి ఎంత పడుతుందో వరుసగా ఏడు అంకెలు కావాలి. సోమవారం లోపు ఎవరైనా ఇక్కడ పెట్టగలరా? రాయి నా బల్ల మీదే ఉంది.